షుగరుతో పాటు కిడ్నీ సమస్య మొదలైన పెద్దవారికి ఏమి పెట్టాలి?



"సిస్టరుగారూ, నాన్నగారికి కిడ్నీలో కొంచెం తేడా ఉందన్నారు. ఇక ఏమి పెట్టమంటారు?" పెద్దవారిని వెంటబెట్టుకొని వచ్చే కూతుళ్లు, కోడళ్లు మమ్ములను తరచుగా అడిగే ప్రశ్న ఇది. కొందరు అడగకుండానే పప్పు, పాలు, గుడ్డు, పండ్లు అన్నీ ఒక్కసారే మాన్పించి చారన్నంతో సరిపెడతారు. కొన్ని నెలలకు ఆ పెద్దాయన చిక్కిపోయి, నీరసించి మళ్లీ వార్డుకు వస్తారు. షుగరు మాత్రం తగ్గి ఉండదు. కాబట్టి మేము మొదట చెప్పేది ఇదే: ప్రారంభ దశలో తిండి మాన్పించకండి, కొలిచి పెట్టండి.

ఉప్పు: అన్నిటికంటే ముందు తగ్గించవలసినది ఇదే. రోజంతటికి ఒక చిన్న చెంచా, అనగా 5 గ్రాములు మించరాదు. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండు చేపలలోని ఉప్పు కూడా ఈ లెక్కలోనిదే. ఉప్పు తగ్గితే రక్తపోటు అదుపులోకి వస్తుంది, కిడ్నీలపై భారం తగ్గుతుంది. రుచికి నిమ్మరసం, వెల్లుల్లి, జీలకర్ర, కొత్తిమీర వాడండి. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. డాక్టరుగారిని అడగకుండా దానిని వాడవద్దు.

మాంసకృత్తులు: శరీర బరువు కిలోకు రోజుకు సుమారు 0.8 గ్రాములు చాలును. 60 కిలోల మనిషికి 48 గ్రాములు. ఒక గుడ్డులో 6, ఒక గ్లాసు (200 మి.లీ.) పాలలో 6 నుండి 7, వండక ముందు 30 గ్రాములు తూగే కందిపప్పులో సుమారు 7 గ్రాములు ఉంటాయి. అన్నం, రొట్టెలలో కూడా కొంత ఉంటుంది. ఆదివారం మాంసం వండితే రెండు మూడు చిన్న ముక్కలు పెట్టి, ఆ రోజుకు గుడ్డు మానండి. బలానికని ప్రోటీను పౌడర్లు కొనిపెట్టవద్దు.

పండ్లు, కూరగాయలు: రక్తంలో పొటాషియం సరిగా ఉంటే వీటిని మాన్పించనవసరం లేదు. జామ, ఆపిల్ వంటివి షుగరును బట్టి చిన్న ముక్కలుగా ఇవ్వవచ్చు. పొటాషియం పెరిగిందని పరీక్షలో తేలితేనే కొబ్బరినీళ్లు, అరటిపండు మానిపించి, కూరగాయలను ముక్కలు కోసి ఉడికించి, ఆ నీటిని పారబోసి వండాలి.

షుగరు పడిపోవడం: దీనిని చాలామంది గమనించరు. కిడ్నీలు బలహీనపడినప్పుడు ఇన్సులిను, కొన్ని రకాల బిళ్లలు శరీరంలో ఎక్కువసేపు నిలిచిపోతాయి. నిన్నటి వరకు సరిపోయిన మోతాదే ఎక్కువ కావచ్చు. చెమటలు, వణుకు, తికమక మాటలు కనిపిస్తే వెంటనే పరీక్షించండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చిన్న చెంచాల పంచదార నీళ్లలో కలిపి త్రాగించి, 15 నిమిషాల తరువాత మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోటిలో ఏమీ పోయక ఆసుపత్రికి తీసుకురండి.

మన సంఘాలలో శ్రమ దినాలలో, ఉపవాస కూడికలలో పెద్దవారు పట్టుదలగా ఉపవాసముంటారు. బిళ్ల వేసుకొని, ఇన్సులిను తీసుకొని పస్తుండడం ప్రాణాపాయము. ముందుగా డాక్టరుగారితో మాట్లాడండి. ఉపవాసము లేకుండా ప్రార్థనలో పాల్గొనవచ్చునని పాస్టరుగారి చేత చెప్పిస్తే పెద్దవారు వింటారు.

మోకాళ్ల నొప్పులకు షాపులో అడిగి కొనే బిళ్లలు కిడ్నీలను ఇంకా దెబ్బతీయగలవు. వాటిని మానిపించండి. షుగరు ఉన్న ప్రతివారూ ఏడాదికి ఒకసారైనా మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్షలు చేయించుకోవాలి. సమస్య మొదలైనవారు డాక్టరుగారు చెప్పిన గడువుకు తప్పక రావాలి. వచ్చేటప్పుడు పాత రిపోర్టులు, వాడుతున్న మందులన్నీ తీసుకురండి. ఇంట్లో వండేవారు కూడా వెంట వస్తే, ఏది ఎంత పెట్టాలో వారికే నేరుగా చూపిస్తాము.

ప్రభువు మీ ఇంటి పెద్దలకు ఆరోగ్యమును దయచేయును గాక.