మార్చలేని ట్రస్టును ట్రస్టీ ఎలా మారుస్తాడు?

అమెరికాలో పిల్లల పేర ఇర్రివోకబుల్ ట్రస్టు పెట్టేటప్పుడు లాయరు గట్టిగానే చెబుతాడు: సంతకం పడ్డాక రద్దు చేయలేరు, షరతులు మార్చలేరు అని. కొన్నేళ్లకు ఆయనే ‘డికాంటింగ్’ చేద్దామంటాడు. పాత ట్రస్టులోని ఆస్తిని ట్రస్టీ వేరే షరతులున్న కొత్త ట్రస్టుకు బదలాయిస్తాడన్నమాట. మరి ఆ మొదటి మాట ఏమైనట్టు?

అది ట్రస్టు పెట్టినవాళ్ల చేతులు కట్టేసిన మాట. ట్రస్టీకి ట్రస్టు పత్రంలోనే (డీడ్‌లోనే) మరో అధికారం ఉండొచ్చు: తనకు సబబనిపిస్తే అసలు సొమ్ములోంచి తీసి లబ్ధిదారుకు ఇవ్వడం. మొత్తం చేతికే ఇచ్చేయగలిగినవాడు, అదే సొమ్మును ఆ మనిషి కోసమే ఇంకో ట్రస్టులో పెడితే తప్పేమిటి? 1940లో ఫిప్స్ కేసులో ఫ్లోరిడా సుప్రీంకోర్టు ఒప్పుకున్న తర్కం ఇదే. దీన్ని మొదట చట్టంగా రాసింది న్యూయార్క్, 1992లో. 2015లో యూనిఫాం లా కమిషన్ ఒక నమూనా చట్టం తయారు చేసింది. కాలిఫోర్నియాతో సహా కొన్ని రాష్ట్రాలు దాన్నే తీసుకున్నాయి. మిగతాచోట్ల నియమాలు వేరు, కొన్నిచోట్ల చట్టమే లేదు.

కాబట్టి ముందు చూడాల్సింది ట్రస్టీకి పంచే స్వేచ్ఛ ఎంత ఉందన్నది. చదువు, వైద్యం, పోషణ ఖర్చులకే ఇవ్వాలని డీడ్‌లో ఉంటే, నమూనా చట్టం కింద ఎవరి వాటా దాదాపు వారికి అలాగే ఉండాలి. నిర్వహణ నిబంధనలు మాత్రం సవరించుకోవచ్చు. విచక్షణ విశాలంగా ఉంటే ఒక లబ్ధిదారును తప్పించవచ్చు కూడా. కొత్తవాళ్లను చేర్చడానికి మాత్రం వీల్లేదు. వైకల్యమున్న బిడ్డ విషయంలో చట్టం కాస్త మెత్తబడింది. ఎస్‌ఎస్‌ఐ అనే ప్రభుత్వ నెలసరి సాయం అందాలంటే బిడ్డ పేర లెక్కకొచ్చే ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు. అందుకే స్వేచ్ఛ తక్కువున్న ట్రస్టీ కూడా, పాత ట్రస్టు ఉద్దేశం నెరవేరేటట్టయితే, సొమ్మును ఆ లెక్కలోకి రాని స్పెషల్ నీడ్స్ ట్రస్టుకు మార్చవచ్చు. నాకు ఈ ఏర్పాటంతటిలోకీ నికరంగా మేలు చేసేది ఇదే అనిపిస్తుంది.

అనుమానం కలిగించే వాడకాలూ ఉన్నాయి. ఒక కేసులో విడాకుల వ్యాజ్యం నడుస్తుండగా, భర్త అడిగి తీసుకోగల సొమ్మును ట్రస్టీలు అతనికి చెప్పకుండానే కొత్త ట్రస్టులోకి తరలించారు. అది చెల్లుతుందని 2017లో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. నమూనా చట్టమైతే అప్పటికే చేతికందే హక్కును తగ్గించనివ్వదు. కనీసం 60 రోజుల ముందు నోటీసు ఇమ్మంటుంది. లబ్ధిదారుల సమ్మతి మాత్రం అక్కర్లేదు, అభ్యంతరమున్నవాళ్లు కోర్టుకెళ్లాలి. ట్రస్టీ ఈ సందులో తన ఫీజు పెంచుకోవాలంటే లబ్ధిదారులో, కోర్టో ఒప్పుకోవాలి. ఈ బదలాయింపు అసలే వద్దనుకుంటే డీడ్‌లోనే స్పష్టంగా నిషేధించుకోవచ్చు.

ఇక ఇండియా సంగతికొస్తే, హైదరాబాదులో రాసుకున్న ప్రైవేటు ట్రస్టుకు ఈ దారి లేదు. 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం డీడ్ ఆదేశాలు మార్చాలంటే లబ్ధిదారులందరూ ఒప్పుకోవాలి. వాళ్లలో మైనరుంటే ఆ సమ్మతి సివిల్ కోర్టు ఇవ్వాలి.