తప్పు ఒకచోట, కేక మరొకచోట

మా ఊళ్లో కాలువ చివరి పొలాలకు నీరందకపోతే శివారు రైతులు ఒకరిమీద ఒకరు లేస్తారు. మా నాన్న మాత్రం, "పక్కవాడి గట్టు మీద పడకండ్రా, ముందు తూము దగ్గరకెళ్లి చూడండి" అంటాడు. ఈ మాట జావా కంపైలర్‌కూ వర్తిస్తుందని, ప్రాజెక్టు ఇవ్వాల్సిన ముందురాత్రి నాకు తెలిసొచ్చింది.

జావా ప్రోగ్రాములో క్లాసు మీదో, ఫీల్డు మీదో మనం అతికించే చీటీలాంటిది అనొటేషన్. 2006లో వచ్చిన జావా 6 నుంచి కంపైలరే ఈ చీటీలను ప్రాసెసర్ అనే మరో ప్రోగ్రాముకు చూపిస్తుంది. అది చదివి కొత్త జావా ఫైళ్లు రాసిపెడుతుంది. డాగర్ అలాంటిదే. కొత్త ఫైళ్లు పుట్టినకొద్దీ కంపైలర్ మరో రౌండు మొదలుపెడుతుంది.

చిక్కంతా ఇక్కడే. మన ఫైల్లో ఒక క్లాసు పేరుంది, ఆ క్లాసు ఇంకా లేదు. తప్పనవచ్చునా? వచ్చే రౌండులో పుట్టొచ్చు గదా! అందుకని కంపైలర్ ఆ ఫిర్యాదును పక్కన పెట్టుకుంటుంది. సెమికోలన్ మరిచిపోవడంలాంటి వ్యాకరణదోషమైతే అప్పుడే చెప్పేసి, ప్రాసెసర్ దాకా పోకుండా ఆగిపోతుంది. కానీ ప్రాసెసరే తప్పు పట్టి ఫైలు రాయడం మానేస్తే, దాచిన ఫిర్యాదులన్నీ ఒక్కసారిగా బయటపడతాయి.

మాకు జరిగిందదే. తెరనిండా 'సింబల్ దొరకలేదు' అంటూ నలభై తప్పులు. అన్నీ నా మిత్రుడి ఫైళ్లలోవే. వాణ్ణి నానా మాటలూ అన్నాను. వాడు నోరెత్తకుండా ఒక్కో ఫైలూ సరిచూస్తూ కూర్చున్నాడు. రెండు గంటల తర్వాత జాబితా అడుగున ఒక్క వాక్యం వేరుగా కనిపించింది. అది ప్రాసెసర్ చెప్పిన మాట: ఫీల్డు ప్రైవేట్‌గా ఉండకూడదు. ఆ ఫీల్డు రాసింది నేనే. ఆ ఒక్క మాటా తీసేస్తే నలభై తప్పులూ పోయాయి.

కనుక జూనియర్ మిత్రులారా, 'దొరకలేదు' అనే వరసలను దాటి వేరే రకం తప్పేముందో ముందు వెతకండి. కంపైలర్ మామూలుగా 100 తప్పులు చూపి ఊరుకుంటుంది; అసలుది 101వది కావచ్చు. 'ఎక్స్‌మాక్స్‌ఎర్స్' అనే ఆప్షన్‌తో ఆ హద్దు పెంచుకోవచ్చు. 2024లో వచ్చిన జావా 23 నుంచి ప్రాసెసర్ కావాలని మనం ఆప్షన్లలో చెప్పకపోతే అసలు దాన్ని పిలవనే పిలవదు. అప్పుడూ ఇవే కేకలు.

ప్రాజెక్టు వేళకే ఇచ్చాం. వాడికి క్షమాపణ మాత్రం మర్నాటికి గానీ చెప్పలేకపోయాను. మా నాన్న మాట ఆ రాత్రే గుర్తొచ్చి ఉంటే ఆ అవసరమే ఉండేది కాదు.