పలువురి శ్రమ – ఒక్క గమ్యం

“ఎవరికి వారే యమునా తీరే” అనే సామెతను మనవారు సాధారణంగా కలిసిరాని బంధువులను గురించి వాడుతుంటారు. కాని ఒక కార్యాలయంలో కొన్నాళ్లు పనిచేసినవారికి ఈ సామెత అక్కడనే పుట్టిందేమో అనిపించక మానదు.

నా ఉద్యోగజీవితంలోని అనుభవ మొకటి చెప్తాను. ఒక సాయంత్రం ప్రసంగకర్త వేళకు వచ్చారు. ధ్వనిముద్రణ సిద్ధంగా ఉన్నది. యంత్రాలన్నీ సక్రమంగా పనిచేస్తున్నవి. అయినా శ్రోతకు వినిపించింది నిశ్శబ్దం! కార్యక్రమం మారిన సంగతి ఒక గదిలో తెలుసు, మరొక గదిలో తెలియదు. విచారించగా ఎవరి పనిలోను లోపం కనబడలేదు. అందరూ తమ తమ పని చేశారు. అందరి పని మాత్రం జరుగలేదు.

ఈ చిక్కు ఎంత పెద్దది కాగలదో తెలుసుకొనడానికి శ్రీసిటీని చూడవచ్చును. తిరుపతి జిల్లా దక్షిణపు కొసను, తమిళనాడు పొలిమేరను ఆనుకొని, సత్యవేడు, వరదయ్యపాళెం మండలాలలో 2008లో వెలసిన పారిశ్రామిక నగరం ఇది. ఒకనాడు వానకోసం ఆకాశంవైపు చూసిన పల్లెల నడుమ నేడు పలుదేశాల కర్మాగారాలు నిలిచి ఉన్నవి. అక్కడ తెలుగు, తమిళం, ఇంగ్లీషు, జపాను భాషలు ఒకే కప్పు క్రింద వినబడతవి. కొచ్చి, లక్నో నగరాల మెట్రో రైలుపెట్టెలు ఇక్కడ తయారైనవే. 2019లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో ప్రారంభమైన మెట్రో రైళ్లు కూడా ఇక్కడినుండి ఓడ ఎక్కి వెళ్లినవే.

ఒక రైలుపెట్టెనే ఉదాహరణగా తీసుకొందాము. లోహపు రేకులు అతికేవారు ఒకరు, తీగలు అమర్చేవారు మరొకరు, తలుపులు బిగించేవారు ఇంకొకరు, పరీక్షించేవారు వేరొకరు. రేకులు అతికేవారిని రోజుకెన్ని అతికారనే లెక్కతోను, గిడ్డంగి అధికారిని సరుకు ఎంత తక్కువగా నిలవ ఉంచాడనే లెక్కతోను, పరీక్షకుని ఎన్ని తప్పులు పట్టాడనే లెక్కతోను కొలుస్తున్నా రనుకోండి. నెలాఖరుకు అందరి లెక్కలూ ఘనంగానే ఉంటవి. పెట్టె మాత్రం కర్మాగారం దాటదు. మనిషికి లక్ష్యాన్ని చెప్పి, కొలతను మరొకదానికి పెడితే, అతడు కొలతనే అనుసరిస్తాడు. ఇది అతని దోషం కాదు.

పీటర్ డ్రక్కర్ అనే నిర్వహణశాస్త్రవేత్త 1954లో వెలువరించిన గ్రంథంలో ఈ విషయాన్నే ఒక పాతకథతో వివరించాడు. రాళ్లు చెక్కే ముగ్గురిని “ఏమి చేస్తున్నారు?” అని అడిగితే, ఒకడు పొట్టపోసుకొంటున్నా నన్నాడు. రెండవవాడు ఈ సీమలో నావలె రాయి చెక్కేవాడు లేడన్నాడు. మూడవవాడు ఆలయం కడుతున్నా నన్నాడు. మనం మొదటివానిని నిందిస్తాము. డ్రక్కర్ హెచ్చరించింది రెండవవానిని గురించి! తన నైపుణ్యమే గమ్యమని భ్రమించేవాడు రాయిని అందంగా చెక్కుతూనే ఉంటాడు. అది గోడలో ఇముడుతుందో లేదో అతనికి పట్టదు.

మరి గమ్యాన్ని అందరిదిగా చేయడమెట్లు? జపాను పారిశ్రామికులు 1960 దశకంలో ‘హోషిన్ కన్రి’ అనే పద్ధతిని పెంపొందించారు. యాజమాన్యం తలపెట్టిన లక్ష్యం క్రింది శాఖలకు వస్తుంది. “ఈ గడువు చాలదు, ఈ పనిముట్టు కావలె” అని వారు తిరిగి పైకి చెబుతారు. బంతిని ఇటూ అటూ విసురుకొన్నట్లు ఈ సంభాషణ సాగి, కుదిరిన తరువాతనే లక్ష్యం స్థిరపడుతుంది. ఇది మన ప్రాంతానికి ఎంతో అవసరమైన పాఠం. పెద్దలు చెప్పినదానికి “సరేనండీ” అనడం మన మర్యాద. ఆ “సరే”కు విన్నానని మాత్రమే అర్థం కావచ్చును, ఒప్పుకొన్నానని కాకపోవచ్చును. పరదేశపు అధికారి దానిని అంగీకారంగా భావిస్తే, పొరపాటు అక్కడనే మొలకెత్తుతుంది.

రాయలసీమకు ఈ విద్య బొత్తిగా కొత్త కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు కట్టించిన వైనం 1369 నాటి శాసనంలో ఉన్నది. ప్రతిదినం వేయిమంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బండ్లు, రెండేండ్ల శ్రమ! అంతేకాదు, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలేవో, ఉండకూడని ఆరు దోషాలేవో ఆ శాసనం ఎంచి చెప్పింది. మట్టి తట్ట మోసేవానికి కట్ట ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. నీరు కనబడుతూనే ఉంటుంది.

రైలుపెట్టె కూడలిలో తీగలు బిగించే పల్లెపడుచుకు సిడ్నీ కనబడదు. కనబడేటట్లు చేయడమే నిర్వాహకుని బాధ్యత. ఆమె బిగించిన తీగ వదులైతే ఎవరి ప్రయాణం ఆగుతుందో ఆమెకు తెలియాలి. తీగ సరిపోలేదని ఆమె నిర్భయంగా చెప్పగలగాలి. పని ఫలించిన నాడు ఆ ఫలంలో ఆమెకూ, ఆ నేలను విడిచిన కుటుంబాలకూ పాలు అందాలి. కష్టం అందరిదీ, ఫలం కొందరిదీ అయినచోట “మన లక్ష్యం” అనే మాట గోడమీది వ్రాతగానే మిగిలిపోతుంది.

చెరువు నిండినప్పుడు చివరి మడికి కూడా నీరు చేరాలి. అప్పుడే మరుసటి ఏడు కట్ట తెగితే, పిలువకముందే పదిమందీ పారలు పట్టుకొని వస్తారు.