గాజు కెటిల్: కాలువ నీరు, బోరు నీరు, గార

గాజు కెటిల్ కరెంటుతో నీళ్లు కాచి, మరగగానే తనంతట తానే ఆగిపోయే పాత్ర. అడుగున స్టెయిన్‌లెస్ స్టీలు పళ్లెం, ఆ పళ్లెం కింద హీటింగ్ కాయిల్, పిడి దగ్గర స్విచ్చు, చుట్టూ గాజు గోడ, ఇవే దాని ప్రధాన భాగాలు. కోనసీమ వంటిళ్లకు ఇది కొత్త వస్తువే. దాని అడుగున పేరుకునే తెల్లటి గార మాత్రం పాతదే. కొబ్బరి డొక్కల మంట మీద నీళ్లు కాగిన రాగి కాగుల లోపల కూడా అదే ఉండేది. లోహపు గోడల వెనక కనపడని ఆ గార గాజులో మొదటి వారంలోనే కంటపడుతుంది.

కెటిల్ పుట్టుక

కరెంటు కెటిళ్లు 1890ల ఆరంభంలో వచ్చాయి. అమెరికాలో కార్పెంటర్ సంస్థ, ఇంగ్లండ్‌లో క్రాంప్టన్ సంస్థ వీటిని తొలిసారి అమ్మకానికి పెట్టాయి. తెలుగు ఇళ్లలో ఫ్యాన్ల మీద కనిపించే క్రాంప్టన్ పేరు ఆ సంస్థ నుంచి వచ్చిందే. అప్పట్లో కాయిల్ నీటిలో ఉండేది కాదు, పాత్ర కింద వేరే అరలో ఉండేది. వేడిలో చాలా భాగం వృథా అయ్యేది, నీళ్లు కాగడానికి చాలాసేపు పట్టేది. 1905 ప్రాంతంలో ఆల్బర్ట్ మార్ష్ తయారుచేసిన నికెల్–క్రోమియం మిశ్రమలోహం, ఎర్రగా కాలినా త్వరగా పాడవని తీగను ఇచ్చింది. 1922లో బర్మింగ్‌హామ్‌కు చెందిన స్వాన్ కంపెనీ కాయిల్‌ను లోహపు గొట్టంలో బిగించి నేరుగా నీటిలోకి దింపింది. వేడి మొత్తం నీటికే అందింది. గార కూడా నేరుగా ఆ గొట్టం మీదే పట్టసాగింది.

తనంతట ఆగే కెటిల్‌ను 1955లో ఇంగ్లండ్‌కు చెందిన రస్సెల్ హాబ్స్ సంస్థ తెచ్చింది. వేడికి వేర్వేరుగా సాగే రెండు లోహాలను అతికించి చేసిన చిన్న బిళ్ల దీనికి కీలకం. నీరు మరిగినప్పుడు ఆవిరి ఒక సన్నని దారిలో వచ్చి ఆ బిళ్లను తాకుతుంది, బిళ్ల వంగి స్విచ్చును కొట్టేస్తుంది. మూత తెరిచి పెడితే కెటిల్ ఆగకుండా మరుగుతూనే ఉండేది ఇందుకే: ఆవిరి బిళ్ల దాకా చేరదు. నీళ్లు లేకుండా స్విచ్చు వేస్తే కాపాడేందుకు అడుగు పళ్లెం కింద మరో బిళ్ల ఉంటుంది. తర్వాతి కాలంలో కాయిల్ మళ్లీ పళ్లెం కిందికి వెళ్లింది, ఈసారి వేడి వృథా కాకుండా పళ్లేనికి గట్టిగా అతుక్కుని. నీటికి చదునైన స్టీలు మాత్రమే తగలడంతో శుభ్రం చేయడం తేలికైంది.

గాజు మార్పు

మామూలు గాజు ఒక్కో డిగ్రీ వేడికి పది లక్షల్లో సుమారు 9 వంతులు సాగుతుంది. ఒకవైపు మరిగే నీళ్లు, మరోవైపు చల్లని గాలి తగిలితే పగిలే ప్రమాదం ఎక్కువ. జర్మనీలోని యేనాలో ఒట్టో షాట్ 19వ శతాబ్దం చివర్లో గాజులో బోరాన్ ఆక్సైడ్ కలిపి ఆ సాగుడును బాగా తగ్గించాడు; నేటి ఇలాంటి గాజు సుమారు 3.3 వంతులే సాగుతుంది. అమెరికాలో కార్నింగ్ సంస్థ 1915లో ఇదే రకం గాజును పైరెక్స్ పేరుతో వంటింట్లోకి తెచ్చింది. బోరోసిలికేట్ అనే ఈ గాజు లేకపోతే గాజు కెటిల్ లేదు. అయినా మరిగిన కెటిల్‌ను వెంటనే చన్నీళ్ల కుళాయి కింద పెట్టకూడదు. స్టీలు గీతలు పడిన గాజు అలాంటి ఒత్తిడికి ముందుగా లొంగుతుంది.

కోనసీమకు రెండు నీళ్లు

సబ్బు సరిగా నురగ రాని, పప్పు ఓ పట్టాన ఉడకని నీరు కఠిన జలం. అందులో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలే కారణం. భారత ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యం ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనిచోట 600 దాకా అనుమతిస్తారు.

కోనసీమలో ఒకే ఇంటికి రెండు రకాల నీళ్లు అందుతాయి. మొదటిది గోదావరి కాలువ నీరు. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847–1852 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట లేచాక కాలువలు డెల్టా అంతటా పాకాయి. గోదావరి పాయలైన వైనతేయకు, వసిష్ఠకు మధ్య ఉన్న నేలను నాటి ఇంజనీర్లు నగరం దీవి అనేవారు. ఇప్పటి మామిడికుదురు మండలంలోని నగరం గ్రామం అక్కడిదే. ఆ నేలకు నీళ్లు దాటించడానికి 1850ల తొలి ఏళ్లలో లెఫ్టినెంట్ హేగ్ పి.గన్నవరం దగ్గర వైనతేయ మీద 49 కమానుల అక్విడెక్టు కట్టించాడు. వాన నీటితో నిండే నది నీరు సాధారణంగా భూగర్భజలం కన్నా మెత్తన.

రెండోది బావి, బోరు నీరు. వాన నీరు నేలలోకి ఇంకుతూ, మట్టిలోని వేళ్లు, సూక్ష్మజీవులు వదిలిన కార్బన్ డయాక్సైడును కలుపుకుని స్వల్ప ఆమ్లమవుతుంది. ఆ ఆమ్లం ఇసుక పొరల్లోని గుల్లల ముక్కలను, సున్నపు రేణువులను కరిగించి కాల్షియం బైకార్బొనేట్‌గా మోసుకొస్తుంది. సముద్రతీర నేలల్లో ఈ మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు ఉంటే కింద సుమారు 40 అడుగుల మందాన మంచినీటి పొర ఉంటుందన్నది 19వ శతాబ్దం చివర్లో తేలిన సూత్రం. బోరు అతిగా తోడితే ఆ పొర పలచబడి ఉప్పునీరు పైకి వస్తుంది.

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మంచినీళ్ల చెరువుల్లో నిల్వ ఉన్న నీటితో పాటు బోరు వాడకం పెరుగుతుంది. బోరు నీటికి మారిన ఇంట్లో కెటిల్ అడుగు త్వరగా తెల్లబడుతుంది. కాలువ నీరు బురదగా వచ్చినప్పుడు ఇండుప గింజ అరగదీసో, పటిక తిప్పో తేర్చడం పాత అలవాటు. ఈ రెండూ తేలియాడే మట్టిని కిందికి దించుతాయే తప్ప కరిగి ఉన్న కాల్షియాన్ని తీయవు. తేటగా కనిపించే నీరు కూడా కఠినంగా ఉండవచ్చు.

గార ఎలా పడుతుంది

నీరు కాగుతున్నకొద్దీ అందులోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. దాని ఆసరాతో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ ఇక నిలవలేక కాల్షియం కార్బొనేట్‌గా, అంటే సున్నపురాయిగా, విడిపోతుంది. ఇది చన్నీళ్లలో కన్నా వేడినీళ్లలో ఇంకా తక్కువగా కరుగుతుంది, అందుకే అన్నింటికన్నా వేడిగా ఉండే స్టీలు పళ్లెం మీద ముందుగా పేరుకుంటుంది. నీటిమట్టం దగ్గర గాజు మీద పడే తెల్ల వలయం చుక్కలు ఆరిపోగా మిగిలినది. గార గోధుమ రంగులో ఉంటే నీటిలో ఇనుము ఉండే అవకాశం ఎక్కువ.

ఇలా మరిగిస్తే పోయేది తాత్కాలిక కాఠిన్యం. క్లోరైడ్లు, సల్ఫేట్ల వల్ల వచ్చే శాశ్వత కాఠిన్యం మరిగించినా నీటిలోనే ఉండిపోతుంది. కాబట్టి ఉప్పగా ఉన్న బోరు నీరు తక్కువ గార పట్టించవచ్చు, తియ్యగా ఉన్న బావి నీరు ఎక్కువ పట్టించవచ్చు. రుచిని బట్టి గారను అంచనా వేయడం కుదరదు.

గార తాగినా ఆరోగ్యానికి హాని లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కాఠిన్యానికి ఆరోగ్యపరమైన పరిమితి పెట్టలేదు. నష్టం యంత్రానికే. స్టీలు కన్నా గార వేడిని ఎన్నో రెట్లు తక్కువగా పోనిస్తుంది. 30 డిగ్రీల లీటరు నీటిని మరిగించడానికి సుమారు 0.08 యూనిట్ కరెంటు చాలు, 1500 వాట్ల కెటిల్‌కు అది మూడున్నర నిమిషాల పని. గార మందమైతే వేడి పళ్లెం కింద చిక్కుకుంటుంది. రక్షణ బిళ్ల పొరబడి, నీరు మరగకముందే కెటిల్‌ను ఆపేస్తుంది. డికాక్షన్ టీ మీద తేలే తెట్టుకు కూడా కొంత కారణం ఇదే కాల్షియం. రెండు చుక్కల నిమ్మరసం పిండితే ఆ తెట్టు కట్టదు.

గార తీయడం

కాల్షియం కార్బొనేట్‌ను ఏ ఆమ్లమైనా విడగొడుతుంది, కాని విడిపోయాక వచ్చే లవణం నీటిలో కరగాలి. చింతపండు ఇత్తడి బిందెను మెరిపిస్తుంది గాని గార విషయంలో అంత పనికిరాదు. దానిలోని టార్టారిక్ ఆమ్లం కాల్షియంతో కలిసి, కరగడానికి మొరాయించే కాల్షియం టార్టరేట్‌గా మారుతుంది. వెనిగర్ బాగా పనిచేస్తుంది, వాసనే ఇబ్బంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, అన్నింటికన్నా అనువైనది.

లెక్క కట్టి చూస్తే: లీటరు నీరు 100 మిల్లీగ్రాముల గార వదిలితే, రోజుకు 3 లీటర్లు కాచే ఇంట్లో నెలకు 9 గ్రాములు పేరుకుంటుంది. దాన్ని కరిగించడానికి సుమారు 12 గ్రాముల నిమ్మ ఉప్పు, లేదా 5 శాతం వెనిగర్ 200 మిల్లీలీటర్లకు కాస్త పైగా కావాలి. నిమ్మరసంలో ఈ ఆమ్లం 5, 6 శాతమే కనుక ఒకటి రెండు కాయలు పిండితే సరిపోదు.

పద్ధతి ఇది. అర లీటరు నీటిలో మూడు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, చెయ్యి కాలేంత వేడి చేసి, స్విచ్చు ఆపి అరగంట ఉంచాలి. అడుగు నుంచి లేచే బుడగలు కార్బన్ డయాక్సైడ్. బుడగలు ఆగినా గార మిగిలి ఉంటే ఆమ్లం అయిపోయిందన్నమాట, ఆ నీరు పారబోసి మళ్లీ కలపాలి. ఎక్కువసేపు మరిగించకూడదు: కాల్షియం సిట్రేట్ వేడినీళ్లలో తక్కువగా కరిగి తెల్లటి మడ్డిగా దిగుతుంది. చివరికి రెండుసార్లు కడిగి, ఒకసారి మంచినీళ్లు మరిగించి పారబోస్తే చాలు.

వెనిగర్‌లో వంటసోడా కలిపితే బుసబుస పొంగుతుంది గాని రెండూ ఒకదాన్నొకటి విరుచుకుని గారకు ఏమీ మిగల్చవు. బాత్‌రూం కడిగే యాసిడ్ స్టీలును తినేస్తుంది, స్టీలు పీచు గాజును గీస్తుంది. ఏ ఆమ్లాన్నీ బ్లీచింగ్‌తో కలపకూడదు, విష వాయువు వస్తుంది.

సంరక్షణ

వాడాక మిగిలిన నీటిని పారబోసి కెటిల్‌ను ఆరనిస్తే గార నెమ్మదిగా పడుతుంది. కింది పీఠం తడవకూడదు. 1500 వాట్ల కెటిల్ 6.5 ఆంపియర్ల కరెంటు లాగుతుంది కనుక 16 ఆంపియర్ల సాకెట్టే వాడాలి. క్యాన్లలో వచ్చే ఆర్‌వో నీటిలో లవణాలు తక్కువ, గార దాదాపు పట్టదు. కాలువ నీటికి రెండు మూడు నెలలకు ఒకసారి, బోరు నీటికి నెలకొకసారి గార తీయడం సాధారణంగా సరిపోతుంది. పళ్లెం మీద స్టీలు మెరుపు తగ్గి తెల్ల పొర కనిపించగానే తీస్తే ఒక్క విడతలో పోతుంది. గాజుకు, స్టీలుకు మధ్య ఉన్న అతుకు దగ్గర నీరు కారడం మొదలైతే మాత్రం ఆ కెటిల్‌ను వాడటం ఆపేయాలి.