గృహ కుట్టుపనులలో వస్త్ర సంకోచం: ఎంపిక నుండి సంరక్షణ వరకు

పాత నూలు చీరలను, పంచెలను పొరలుగా పరచి చేతికుట్టుతో కలిపే బొంత తెలుగు గ్రామాలకు చిరపరిచితమైన గృహ హస్తకళ. పాత బట్టను వాడడం కేవలం పొదుపు కోసమేననుకుంటే అది సగం నిజమే. ఏళ్ల తరబడి ఉతికిన చీరలో కుంచించుకునే గుణం దాదాపు మిగలదు. వదలవలసిన రంగు అప్పటికే వదిలిపోయి ఉంటుంది. గంజి పోయి బట్ట మెత్తబడడం వల్ల సూది సులువుగా దిగుతుంది. అందువల్ల బొంతను ఎన్నిసార్లు ఉతికినా దాని పొరలు ఒకదానినొకటి లాగవు.

నేడు ఇదే చేతిపని చేతిసంచులు, దిండు గలీబులు, అతుకుల దుప్పట్ల రూపంలో అనేక మహిళా సంఘాలకు ఆదాయ మార్గంగా మారింది. అయితే వీటిలో వాడేది కొత్త బట్ట. పైగా ఒకే వస్తువులో రెండు మూడు రకాల బట్టలు కలుస్తాయి. మొదటి ఉతుకులోనే ముడతలు పడిన సంచిని చూసిన కొనుగోలుదారు మరల అక్కడికి రారు. కుట్టులో ఏ లోపమూ లేకపోయినా నష్టం మాత్రం కుట్టినవారిదే అవుతుంది.

సంకోచంలోని తేడా

మగ్గం మీద పడుగు పోగులు బిగువుగా లాగబడి ఉంటాయి. బట్ట నీటిలో తడిసినపుడు నూలు పీచు ఉబ్బి, పోగులు ఆ బిగువును వదిలించుకుంటాయి. ఫలితంగా బట్ట కురచవుతుంది. సాధారణంగా ఈ మార్పు పేక దిశలో కంటే పడుగు దిశలో ఎక్కువ. ప్రామాణిక వాతావరణ పరిస్థితులలో నూలు తన పొడి బరువులో సుమారు 8.5 శాతం తేమను నిలుపుకొంటే, పాలియెస్టర్ 0.4 శాతం మాత్రమే నిలుపుకొంటుంది. కనుక నీటికి ఈ రెండూ ఒకే విధంగా స్పందించవు.

ఒక ఉదాహరణ చూద్దాం. 40 సెం.మీ. ఎత్తు గల సంచికి పైన చేనేత నూలు, లోపల పాలియెస్టర్ లైనింగు వేశారనుకుందాం. నూలు 5 శాతం కుంచించుకుంటే పైబట్ట 38 సెం.మీ.కు తగ్గుతుంది. లైనింగు మాత్రం 40 సెం.మీ.గానే ఉండి, మిగిలిన 2 సెం.మీ. లోపల సంచిలా వేలాడుతుంది. రెండు బట్టలూ సమానంగా కుంచించుకుని ఉంటే సంచి కొంత చిన్నదయ్యేదే గాని రూపం చెడేది కాదు. వస్తువును పాడుచేసేది సంకోచం కంటే, కలిపి కుట్టిన బట్టల సంకోచంలోని తేడా.

ఈ తేడాను ముందుగానే తెలుసుకోవడానికి ప్రయోగశాల అవసరం లేదు. నేత అంచుకు దూరంగా 30 సెం.మీ. చదరపు ముక్కను కత్తిరించి, అందులో 25 సెం.మీ. భుజం గల చతురస్రాన్ని రంగు దారంతో గుర్తించాలి. కలంతో గీసిన గీత ఉతుకులో పోవచ్చు. పూర్తయిన వస్తువును ఎలా ఉతుకుతారో ఈ ముక్కనూ అలాగే ఉతికి, ఆరబెట్టి, సాగదీయకుండా ఇస్త్రీ చేసి, పడుగు, పేక దిశలను విడివిడిగా కొలవాలి. 25 సెం.మీ. 24 అయితే సంకోచం 4 శాతం. నూలు, చేనేత బట్టలను కత్తిరించక ముందే రాత్రంతా నీటిలో నానబెట్టి, గంజి పోయేలా ఉతికి ఆరబెట్టాలి. వదులు నేత గల బట్ట ఒక్క ఉతుకుతో స్థిరపడదు. రెండవసారి తడపడం మేలు.

పీచు, రంగు

తుక్కు బట్టలు, దర్జీ దుకాణాల్లో మిగిలిన ముక్కలు కొన్నపుడు అవి ఏ పీచువో తెలియదు. కొన్ని పోగులు లాగి, పళ్లెం మీద పట్టుకారుతో పట్టి కాల్చి చూడాలి. నూలు కాగితంలా మండి మెత్తని బూడిద మిగులుస్తుంది. పట్టు, ఉన్ని కాలిన వెంట్రుకల వాసన వేస్తాయి. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా మారుతుంది. నూలు, పాలియెస్టర్ మిశ్రమంలో మంట, పూస రెండూ కనిపిస్తాయి. విస్కోస్ మాత్రం నూలులాగే మండుతుంది. దాని పోగును మధ్యలో తడిపి లాగితే తడిచిన చోటనే తెగుతుంది. తడిసినపుడు విస్కోస్ బలహీనపడుతుంది, నూలు బలపడుతుంది. బరువు మోసే సంచులకు విస్కోస్ తగదు.

రంగు పరీక్షకు నమూనా ముక్కకు తెల్ల నూలు ముక్కను కుట్టి, గోరువెచ్చని సబ్బు నీటిలో ఉతకాలి. తెల్ల ముక్కకు అంటిన మరకను విద్యార్థులు గ్రే స్కేలుతో 1 నుండి 5 వరకు అంచనా వేయవచ్చు. 5 అంటే మరక లేనట్లు. ఉప్పు నీటిలో నానబెడితే రంగు నిలుస్తుందన్న నమ్మకం ఇళ్లలో బలంగా ఉంది. అద్దకపు తొట్టిలో ఉప్పు రంగును నూలులోనికి చేర్చడానికి తోడ్పడే మాట నిజమే. పూర్తయిన బట్టలో వదులుగా మిగిలిన రంగును అది శాశ్వతంగా బంధించదు. ఆ రంగును పదేపదే ఉతికి తొలగించాలి, లేదా ఆ బట్టను తెలుపు పక్కన వాడకూడదు.

కుట్టు

అన్ని ముక్కలలోనూ పడుగు ఒకే దిశలో ఉండేలా కత్తిరించడం మొదటి నియమం. ఏటవాలుగా కత్తిరించిన ముక్క సాగుతుంది. పైపింగ్‌కు అది గుణం, సంచి పట్టీకి దోషం. పలుచని వాయిల్‌కు 9 లేదా 11, మధ్యరకం నూలుకు 14, కాన్వాసుకు 16 లేదా 18 నంబరు సూది సరిపోతుంది. పాలియెస్టర్ బట్ట మీద నూలు దారం వాడితే ఉతికిన తరువాత దారం కుంచించుకుని కుట్టు వెంబడి ముడతలు పడతాయి. పాత బట్టలకు మాత్రం నూలు దారమే మంచిది. లాగుడు పడినపుడు బట్ట చిరగకుండా ముందు దారం తెగుతుంది. తెగిన కుట్టును మరల వేయవచ్చు. అటువంటి బట్టపై మరీ దగ్గర కుట్లు వేస్తే రంధ్రాల వరుస వెంట అది చినుగుతుంది.

సంరక్షణ

పలు బట్టలు కలిసిన వస్తువును వాటిలో అతి సున్నితమైన దానికి తగినట్లు ఉతకాలి, ఇస్త్రీ చేయాలి. నూలు సంచిపై పట్టు అతుకు ఉంటే అది పట్టు వస్తువే. క్షారగుణం గల సబ్బు, సోడా, క్లోరిన్ బ్లీచ్ పట్టును దెబ్బతీస్తాయి. కుంకుడు రసం మేలు. సహజ రంగులద్దిన కలంకారీని చల్లని నీటిలో విడిగా ఉతికి నీడలో ఆరబెట్టాలి. మందపు బొంత పైకి ఆరినా లోపల తేమ ఉంటే బూజు పడుతుంది. గంజి పెట్టిన బట్టలను దాచినచో వెండిచేపలు అనే పురుగులు కొరుకుతాయి; కనుక గంజి తీసి దాచాలి.

గ్రామాలలో కుట్టు శిక్షణను సాధారణంగా యంత్రం తొక్కడంతో ఆరంభిస్తారు. మొదటి రోజును టేపు, బకెట్టు, బట్ట ముక్కలకు కేటాయించడం ఉచితం. శిక్షణార్థులు తాము పరీక్షించిన ముక్కలను సంకోచ శాతం, పీచు రకం రాసి పుస్తకంలో అంటించుకుంటే, తదుపరి కొనుగోలుకు అదే ఆధారమవుతుంది. అమ్మే ప్రతి వస్తువుకు చిన్న చీటీ జతపరచి అందులో పీచు పేరు, ఉతికే విధానం, ఆరబెట్టే చోటు తెలుగులో రాయాలి.