ఊరంతా స్పానిష్

అమెరికా హైస్కూళ్లలో అన్నిటికన్నా ఎక్కువమంది నేర్చుకునే పరభాష స్పానిష్. తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన కుటుంబాల పిల్లలు కూడా చాలావరకు దాన్నే ఎంచుకుంటారు. వాళ్లలో కొందరు రెండు మూడేళ్లు తరగతిలో చదివాక, వేసవి సెలవుల్లో కొన్ని వారాలు ఆ భాష మాట్లాడే ఊళ్లోనే ఉండి వస్తారు. దీన్ని ఇమ్మర్షన్ ట్రిప్ అంటారు. పొద్దున తరగతులు, మధ్యాహ్నం ఊరి మీద పనులు, రాత్రికి బస స్థానిక కుటుంబం ఇంట్లో.

ఇలాంటి ప్రయాణాలకు స్పెయిన్‌లో పేరున్న ఊరు సలమాంకా. అక్కడి విశ్వవిద్యాలయం 1218లో వెలిసింది. స్పానిష్ భాషకు నెబ్రిహా రాసిన తొలి వ్యాకరణం 1492లో వెలువడింది కూడా ఈ ఊళ్లోనే. జనాభా లక్షన్నరకు కాస్త లోపే కాబట్టి పదహారేళ్ల పిల్లలు బస్సెక్కే అవసరం లేకుండా పాత నగరమంతా నడిచి తిరగవచ్చు. మాడ్రిడ్, బార్సిలోనా లాంటి మహానగరాల్లో పర్యాటకులకు ఇంగ్లీషుతో పని జరిగిపోతుంది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు ఆ సౌకర్యమే అడ్డు. చిన్న ఊరు మేలు.

మొదటి రోజుల్లో టీచర్లు పిల్లలను ముగ్గురు నలుగురు చొప్పున జట్లు కట్టి, చేతికో చీటీ ఇచ్చి పంపుతారు. విశ్వవిద్యాలయం ముఖద్వారం మీది శిల్పాల్లో పుర్రెపై కూర్చున్న కప్పను కనిపెట్టాలి, రోమన్ల నాటి వంతెనకు దారి అడిగి తెలుసుకోవాలి, బజారులో అరకిలో టమాటాలు కొనాలి. వేలు చూపించి కొంటే లెక్కలోకి రాదు. అమెరికా తరగతిలో ‘గ్రాసియాస్’ అని నేర్చుకున్న పిల్లకు కొట్టతను ‘గ్రాథియాస్’ అంటే ముందు అయోమయంగానే ఉంటుంది. ధర రెండోసారి అడిగించుకుని, చిల్లర లెక్కపెట్టుకుని బయటపడేసరికి అంకెలు నోటికి పట్టేస్తాయి. పుస్తకంలో పదిసార్లు రాసినా రాని పట్టు అది.

బస చేసిన ఇంట్లో మధ్యాహ్న భోజనం రెండు దాటాకే, రాత్రి భోజనం తొమ్మిది దాటాకే. శాకాహారి పిల్లలు తాము ఏం తింటారో, ఏం తినరో స్పానిష్‌లోనే చెప్పుకోవాలి. బంగాళాదుంపల అట్టు ఉంది కదా అనుకుంటే అందులో గుడ్డు ఉంటుంది. ఆకలి వేసినప్పుడు మొహమాటం ఎంతోసేపు నిలవదు, మాట దానంతటదే వస్తుంది.

ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు ఇక్కడ గట్టి ఆసరా ఉంది. ‘వచ్చాను’ అంటే వచ్చింది నేనేనని క్రియే చెప్పేసినట్టు స్పానిష్‌లోనూ క్రియ చివర చూస్తే కర్త తెలిసిపోతుంది. స్పానిష్‌లోనూ ఉన్న ‘నాకు నచ్చింది’ అనే వాక్యరీతి ఇంగ్లీషు మాత్రమే వచ్చినవాళ్లకు తిరకాసుగా తోస్తుంది. తెలుగు పిల్లలకు అది పుట్టినింటి సొత్తు. నువ్వు, మీరు తేడా వాళ్లకు కొత్త కాదు. అ, ఎ, ఇ, ఒ, ఉ అచ్చులు తేటగా పలుకుతాయి, ర కారం నాలుక మీద సులువుగా ఆడుతుంది. కష్టమల్లా బల్లకు, పుస్తకానికి కూడా ఆడ, మగ లింగాలు ఉండటంతోనే. మిగతా అంతటా తెలుగు ఆసరాయే కాబట్టి, పిల్లలకు స్పానిష్ రావాలంటే ఇంట్లో తెలుగు తగ్గించాలనే తల్లిదండ్రుల ఆలోచన సరైంది కాదు.

మాట్లాడేవాళ్ల మధ్య ఉండి భాష పట్టుకున్న మనిషి తెనాలిలోనే ఒకరు ఉండేవారు. ‘చందమామ’ వ్యవస్థాపకుల్లో ఒకరైన చక్రపాణి క్షయ వ్యాధి చికిత్సకు మదనపల్లె శానటోరియంలో ఉన్న రోజుల్లో, అక్కడ పరిచయమైన ఒక బెంగాలీ వ్యక్తి సాయంతో ఆ భాష నేర్చుకున్నారు. తర్వాత బెంగాలీ రచయిత శరత్ నవలలను తెలుగులోకి తెచ్చారు. ఆయనకు విమానం టిక్కెట్టు అవసరం కాలేదు, రోజూ మాట్లాడే మనిషి ఒకరు దొరికారు.

ఇమ్మర్షన్ ప్రయాణాల్లో మొదట పదునెక్కేది చెవి. నోరు తర్వాత తిరుగుతుంది. నలుగురు తెలుగు పిల్లలు ఒకే గదిలో చేరి ఫోన్లు పట్టుకుంటే మాత్రం ఖర్చు దండగే. జాగ్రత్తగల నిర్వాహకులు ఒక్కో ఇంట్లో ఒకరినో ఇద్దరినో ఉంచుతారు, ఇతర భాషలు వాడబోమని పిల్లలతో మాట తీసుకుంటారు. తిరిగొచ్చాక వాడకం లేకపోతే నేర్చిందంతా త్వరగానే జారిపోతుంది. మన దగ్గర ఉండి నేర్చుకోదలిచిన వాళ్లకు హైదరాబాద్‌లోని ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో స్పానిష్ కోర్సులు, ఢిల్లీలో ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్ కేంద్రం ఉన్నాయి. సెర్వాంటెస్ సంస్థ పెట్టే డెలే పరీక్షలు ఎ1 నుంచి సి2 వరకు ఆరు స్థాయిల్లో ఉంటాయి. బడి పిల్లల కోసం విడిగా ఓ రకం ఉంది. ఒకసారి వచ్చిన సర్టిఫికెట్‌కు గడువంటూ లేదు.