బిందు సేద్యం: పైపులు పరిస్తే సరిపోతుందా?

వుజూ చేసేటప్పుడు కుళాయి సన్నగా తిప్పుకోవాలని మదరసాలో చేరిన మొదటి వారంలోనే పిల్లలకు నేర్పుతాము. మహనీయ ముహమ్మద్ (స) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసుకునేవారని బుఖారీ, ముస్లిం సంకలనాలలో ఉంది. ముద్ద్ అంటే ఎంత అనే విషయంలో ఫుఖహాల మధ్య భేదం ఉంది. అధిక సంఖ్యాకుల లెక్కలో అది ముప్పావు లీటరు కంటే కాస్త తక్కువ. హనఫీ లెక్కలో దాదాపు ఒక లీటరు. గంటకు 4 లీటర్లు వదిలే డ్రిప్పరు పది నిమిషాలలో ఇచ్చే నీరు ఇంచుమించు మొదటి లెక్కలోని ముద్ద్ అంతే. నీటిని ఇంత సూక్ష్మంగా కొలవడం తెలిసిన వారి తోటలలోనే పగిలిన పైపు రాత్రంతా కారుతున్నా అడిగేవారు లేకపోవడం మాకు వింతగా తోస్తుంది.

మా విద్యార్థులలో చాలామంది అనంతపురం ప్రాంతపు రైతు బిడ్డలు. అక్కడ సాలుకు కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. చెరువు నిండే ఏడు అరుదు. చీనీ, దానిమ్మ, మామిడి తోటలన్నీ బోర్ల మీదే బతకాలి. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మ సేద్య పథకం మొదలైన తరువాత చిన్న రైతుల పొలాలకు సైతం సబ్సిడీపై డ్రిప్పు పరికరాలు చేరాయి. ఇది నిజంగా గొప్ప మేలు. అయితే పైపులు పరిచిన రోజు ఉన్న శ్రద్ధ మూడో ఏట కనిపించదు. పరికరం వచ్చింది కాబట్టి నీరు దానంతటదే ఆదా అవుతుందన్న భ్రమ చాలా ఇళ్లలో ఉంది.

ఆమధ్య ఒక విద్యార్థి తండ్రి మమ్మల్ని తన చీనీ తోటకు తీసుకువెళ్లారు. "మోటారు ఆరు గంటలు ఆడుతోంది హజ్రత్, కొస చెట్లకు మాత్రం నీళ్లు అందడం లేదు. బోరు ఎండుతున్నట్టుంది. ఇంకొకటి వేయించాలి" అన్నారు. అందుకోసం ఇంట్లోవారి నగలు తాకట్టు పెట్టే మాట అప్పటికే నడుస్తోంది. కొత్త బోరు వెయ్యి అడుగులు దిగినా నీరు పడుతుందన్న భరోసా ఆ ప్రాంతంలో ఎవరికీ లేదు. పడకపోతే మిగిలేది అప్పే. గట్టు మీద ఉన్న ఉద్యాన శాఖ ఉద్యోగి ఒకరు మందు కొలిచే గ్లాసు తెప్పించి, మొదటి వరుసలో ఒక డ్రిప్పరు కింద నిమిషంపాటు పట్టారు. 4 లీటర్ల డ్రిప్పరు సరిగా పనిచేస్తే నిమిషానికి సుమారు 67 మిల్లీలీటర్లు రావాలి. అక్కడ 64 వచ్చాయి. చివరి వరుసలో పట్టి చూస్తే 30 కూడా రాలేదు. బోరు దగ్గర పైపు విప్పి చూస్తే ధార ఎప్పటిలాగే ఉంది. జబ్బు బోరులో లేదు, పైపులలో ఉంది.

ఇటువంటి చోట నీరు వృథా అయ్యే తీరు కంటికి కనబడదు. కొస చెట్లకు సగమే అందుతోందని రైతు మూడు గంటలు ఆడవలసిన మోటారును ఆరు గంటలు ఆడిస్తాడు. 20 అడుగుల ఎడంతో నాటిన ఎకరంలో సుమారు 108 చెట్లు ఉంటాయి. చెట్టుకు నాలుగు డ్రిప్పర్లు అనుకుంటే గంటకు 16 లీటర్లు. ముందువైపు ఉన్న 54 చెట్లకు అదనపు మూడు గంటలలో ఒక్కొక్కదానికి 48 లీటర్ల చొప్పున, మొత్తం 2,592 లీటర్లు అక్కరకు మించి పారుతుంది. ఆ నీరు వేళ్లను దాటి, వేసిన యూరియాను కూడా వెంట తీసుకుని లోపలికి ఇంకిపోతుంది. ఇరవై లీటర్ల మంచినీటి డబ్బాలతో లెక్కిస్తే దాదాపు 130 డబ్బాలు. అదీ ఒక్క ఎకరంలో, ఒక్క రోజులో!

మందు ఫిల్టరు దగ్గర మొదలవుతుంది. ఫిల్టరుకు ముందూ వెనుకా ఉన్న రెండు ప్రెషర్ గేజ్‌ల మధ్య తేడా అర కిలో దాటిందంటే అది మూసుకుపోతున్నట్టే. ఇసుక ఫిల్టరయితే నీటిని వెనక్కు తిప్పి, మురికి పోయి తేటనీరు వచ్చేదాకా వదలాలి. జాలి ఫిల్టరయితే విప్పి మెత్తని బ్రష్షుతో కడగాలి. జాలి చిరిగితే మార్చవలసిందే. కొందరు విసిగి జాలిని తీసి పక్కన పెట్టేస్తారు. నీరు ఆ రోజుకు ధారాళంగా వస్తుంది, నెల తిరగకముందే డ్రిప్పర్ల నోళ్లన్నీ మట్టితో మూసుకుపోతాయి. పదిహేను రోజులకొకసారి సబ్‌మెయిన్ ఫ్లష్ వాల్వును, లేటరల్ పైపుల చివరి మూతలను విప్పి నీటిని వదలాలి. మొదట ఎర్రని బురద వస్తుంది, తరువాత తేటబడుతుంది. అన్ని మూతలూ ఒకేసారి విప్పితే ఒత్తిడి చాలదు, కొన్ని చొప్పున విప్పాలి.

సున్నపు ఉప్పులున్న బోరునీటికి ఇదొక్కటే సరిపోదు. డ్రిప్పర్ల చుట్టూ తెల్లని పొలుసు కడుతుంది. దానికి ఆమ్ల చికిత్స ఉంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వెంచురి ద్వారా ఎక్కించి, చివరి డ్రిప్పరు నీటిలో ఉదజని సూచిక కాగితం 4 చూపేవరకు పంపి, మోటారు ఆపి, ఒక రోజంతా అలాగే ఉంచి, మరునాడు మూతలు విప్పి కడిగివేయాలి. పాచి పడితే బ్లీచింగ్ వాడతారు. ఈ రెంటినీ ఎన్నడూ కలపరాదు, ప్రాణాంతకమైన వాయువు పుడుతుంది. నీటిలో ఆమ్లం పోయాలే గాని ఆమ్లంలో నీరు పోయరాదు. చేతికి తొడుగు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. మొదటిసారి చేసేవారు ఉద్యాన శాఖవారిని దగ్గర ఉంచుకోవడం మంచిది.

ఆ తోటలో జరిగిందీ ఇదే. రెండు విడతల ఆమ్ల చికిత్స తరువాత కొస వరుసలో 58 మిల్లీలీటర్లు వచ్చాయి. కొత్త బోరు మాట ఆగింది.

శ్రమపడి నీరు తోడే రైతు కష్టాన్ని షరీఅత్ గుర్తించింది. వాననీటితో పండిన పంటలో పదో వంతు ఉషర్ చెల్లించాలి, తోడిపోసి పండించినదానిలో ఇరవయ్యో వంతు చాలు. ఈ సడలింపు పొందే మనం తోడిన నీటిని లెక్కలేకుండా వదలడం ఏ న్యాయమో ఆలోచించాలి. ఇక ఆటోస్టార్టర్ విషయం. కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆడుతుంది, మనిషి ఇంట్లో నిద్రపోతుంటాడు. ఉడుత కొరికిన పైపు తెల్లవారేదాకా చిమ్ముతూనే ఉంటుంది. పక్క పొలం బోరు కూడా అదే భూగర్భ జలాన్ని తాగుతుందన్న సంగతి ఆ రాత్రి ఎవరికీ గుర్తుండదు.

వరుసల వెంట నడిచి చూసే పని పిల్లలు చక్కగా చేస్తారు. తడి మచ్చ ఎక్కడ పెద్దదైందో, ఏ చెట్టు కింద నేల పొడిగా ఉందో వారి కళ్లు ముందుగా పడతాయి. జేబులో నాలుగు గూఫ్ ప్లగ్గులు, రెండు జాయినర్లు ఉంటే చిన్న రంధ్రాలను అక్కడికక్కడే మూయవచ్చు. సైకిలు ట్యూబు ముక్క కట్టి ఊరుకుంటే వారానికే మళ్లీ కారుతుంది. దున్నకానికి ముందు లేటరళ్లను చుట్టలుగా చుట్టి నీడలో వేలాడదీయాలి. చుట్టేముందు రెండు కొసలూ మడిచి కట్టాలి, లేకుంటే చీమలు లోపల గూడు పెడతాయి. ఆమ్లం డబ్బా మాత్రం పిల్లలకు అందని చోట, తాళం లోపల ఉండాలి.